ప్లే జోన్ టికెట్ వెనకాల ఏముంది? పిల్లల ఆట ఖరీదవుతున్న తీరు

వేసవి సెలవులు మొదలయ్యాక హైదరాబాద్‌లో మధ్యాహ్నం పూట పిల్లల్ని బయట ఆడుకోమని పంపడానికి తల్లిదండ్రులకు ధైర్యం చాలదు. ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. వీధిలో బండ్లు ఆగవు. అపార్ట్‌మెంట్ సెల్లార్ నిండా కార్లే. దాంతో చాలా ఇళ్లకు మాల్ పై అంతస్తులోనో, పక్క కాలనీ కాంప్లెక్స్‌లోనో ఉన్న ప్లే జోన్ ఒక్కటే దారిగా మిగులుతోంది. ఒకసారి వెళ్లొచ్చాక ఇంట్లో వినిపించే మాట కూడా దాదాపు ఒకటే: "రెండు గంటల ఆటకు ఇంత డబ్బా?"

ఈ ప్రశ్నకు రెండు సులువైన జవాబులు తిరుగుతున్నాయి. యజమానులు దోచుకుంటున్నారన్నది ఒకటి. అన్ని ధరలూ పెరిగాయి కాబట్టి ఇదీ పెరిగిందన్నది రెండోది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది కానీ, అసలు లెక్క రెండింట్లోనూ లేదు. ప్లే జోన్‌లో మనం ఆటకు కట్టేది తక్కువ. ఎక్కువ భాగం చోటుకు, ఆ చోటు ఖాళీగా ఉన్న రోజులకు కడుతున్నాం. అది ఎలాగో అంకెలు వేసి చూస్తేనే తెలుస్తుంది. కింద ఉదాహరణల్లో వాడిన అద్దెలు, జీతాలు, టికెట్ ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే తప్ప ఏ ఒక్క సెంటర్‌వీ కావు. పన్ను రేట్లు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ప్లే జోన్ అని మనం పిలిచేవి నాలుగు రకాలు

మొదటిది సాఫ్ట్ ప్లే. మెత్తటి ఫోమ్ మెట్లు, వల కట్టిన సొరంగాలు, జారుడు బండ, ప్లాస్టిక్ బంతుల గుంట ఉండేది ఇదే. ఏడాది నుంచి పదేళ్ల లోపు పిల్లల కోసం. ఈ తరహా ఆటస్థలాలకు బాట వేసింది ఎరిక్ మెక్‌మిలన్ అనే డిజైనర్. 1972లో కెనడాలోని టొరంటో నగరంలో ఒంటారియో ప్లేస్ అనే వినోద ప్రాంగణంలో ఆయన తీర్చిదిద్దిన పిల్లల గ్రామం ఈ రంగంలో మొదటి పెద్ద ప్రయత్నం.

రెండోది ట్రాంపొలిన్ పార్క్, అంటే బిగించి కట్టిన సాగే గుడ్డ మీద ఎగిరే చోటు. దీనికి ఎత్తైన సీలింగ్, విశాలమైన చోటు, ప్రతి వరుస దగ్గరా ఒక మనిషి కావాలి. మూడోది ఆర్కేడ్. కార్డులో డబ్బు వేసుకుని మెషీన్ మీద గీకుతూ ఆడేది. టైమ్‌జోన్, ఫన్ సిటీ లాంటి పేర్లు మాల్స్‌కు వెళ్లేవాళ్లకు తెలిసినవే. వీటిలో కొన్ని సాఫ్ట్ ప్లే కూడా కలిపి నడుపుతాయి. నాలుగోది పిల్లలు డాక్టరుగా, పైలట్‌గా, వంటవాడిగా వేషం కట్టి ఆడే చోటు. ముంబైలో 2013లో తెరిచిన కిడ్‌జానియా ఇందులో బాగా పేరున్నది.

ఈ తేడాలు ఎందుకంటే, ఖర్చు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఆర్కేడ్‌లో మెషీన్ ఎంతసేపు ఆడితే అంత సంపాదిస్తుంది. సాఫ్ట్ ప్లేలో పిల్లాడు లోపలికి వెళ్లాక రెండు గంటలు ఎంత ఎగిరినా వచ్చేది అదే టికెట్. అందుకే టికెట్ ధర గురించిన గొడవంతా ఎక్కువగా సాఫ్ట్ ప్లే, ట్రాంపొలిన్ సెంటర్ల చుట్టూనే నడుస్తుంది. ఈ వ్యాసం కూడా వాటి గురించే.

ఒక ఆదివారం బిల్లును విప్పి చూస్తే

ఇద్దరు పిల్లలు, అమ్మ, నాన్న, నానమ్మ. ఆదివారం సాయంత్రం మాల్‌లోని ఒక ప్లే జోన్‌కు వెళ్లారనుకుందాం. బోర్డు మీద వీకెండ్ టికెట్ పిల్లాడికి 700 రూపాయలు, పన్నుతో కలిపి. నాన్న మనసులో 1,400 అనుకుని వచ్చాడు.

కౌంటర్ దగ్గర ఒక్కో పిల్లాడితో ఒక పెద్దవాళ్లు మాత్రమే ఉచితం అన్నారు. నానమ్మకు 150. కింద రబ్బరు చుక్కలున్న గ్రిప్ సాక్సులు లేకుండా లోపలికి పంపరు. ఇంట్లో ఇంతకు ముందు కొన్నవి ఉన్నాయి కానీ తేవడం మర్చిపోయారు. నానమ్మ లోపలికి వచ్చినా ఆటస్థలం పక్కన కుర్చీలో కూర్చుంటానంది కాబట్టి ఆమెకు అక్కర్లేదు. మిగతా నలుగురికి జత 80 చొప్పున 320. గంటన్నర ఎగిరాక పిల్లలకు ఆకలి. బయటి తిండి తేకూడదు కాబట్టి లోపలి కెఫేలోనే రెండు శాండ్‌విచ్‌లు, రెండు జ్యూసులు, పెద్దవాళ్లకు కాఫీ: 700. పార్కింగ్ 60.

మొత్తం 2,630. అందులో టికెట్ వాటా 1,400, అంటే సగానికి కాస్త ఎక్కువ. మిగతాదంతా టికెట్ బోర్డు మీద లేని డబ్బు. తల్లిదండ్రుల కోపంలో చాలా భాగం ఇక్కడిదే. టికెట్ 600 నుంచి 700 అయితే వంద పెరిగిందని కళ్లకు కనిపిస్తుంది. ఉచితంగా రానిచ్చే పెద్దవాళ్లను ఇద్దరి నుంచి ఒకరికి తగ్గించడం, రెండు గంటల టికెట్‌ను గంటన్నర చేయడం మాత్రం ధర పెంపుగా కనపడవు. పాత ధరకే గంటన్నర ఇస్తే గంటకు పడే ధర మూడో వంతు పెరిగినట్టే.

యజమాని నోట్‌బుక్‌లో లెక్క

ఇప్పుడు కౌంటర్‌కు అవతలి వైపు వెళ్దాం. మాల్‌లో 3,000 చదరపు అడుగుల సాఫ్ట్ ప్లే సెంటర్ తీసుకుందాం.

అద్దె చదరపు అడుగుకు 120 చొప్పున నెలకు 3,60,000. దాని మీద మాల్ వాళ్లు ఎస్కలేటర్లు, సెక్యూరిటీ, కామన్ ఏసీ కోసం తీసుకునే మెయింటెనెన్స్ అడుగుకు 20 చొప్పున 60,000. పదిమంది సిబ్బంది, సగటున 18,000 జీతం: 1,80,000. కరెంటు 80,000. ఆట సామగ్రి, ఇంటీరియర్‌కు పెట్టిన 60 లక్షలు ఐదేళ్లలో రాబట్టుకోవాలంటే నెలకు లక్ష. మరమ్మతులు, శుభ్రత, ఇన్సూరెన్స్, బుకింగ్ సాఫ్ట్‌వేర్, ప్రకటనలు అన్నీ కలిపి 70,000.

కూడితే నెలకు 8,50,000. లాభం ఇందులో లేదు, అప్పు తెచ్చి ఉంటే దాని వడ్డీ కూడా లేదు.

అద్దె, మెయింటెనెన్స్ కలిపితేనే దాదాపు సగం. పైగా మాల్ అద్దె లెక్క వేసే అడుగులన్నీ పిల్లలు ఆడే అడుగులు కావు. నడవాలు, లిఫ్టుల దగ్గరి చోటు లాంటి ఉమ్మడి భాగంలో వాటా కూడా కలిపి సూపర్ ఏరియాగా వసూలు చేస్తారు. 3,000 అడుగులకు అద్దె కడితే లోపల కొలతకు వచ్చేది అంతకన్నా బాగా తక్కువ. అందులో కౌంటర్, చెప్పుల అర, పార్టీ గది, కెఫే పోను మిగిలిందే ఆటస్థలం.

అద్దె ఒప్పందంలో ఇంకో ముడి ఉంటుంది. మన దగ్గర వ్యాపార లీజుల్లో ఏటా ఐదు శాతమో, మూడేళ్లకోసారి పదిహేను శాతమో పెంపు ముందే రాసుకోవడం మామూలు. ఏటా ఐదు శాతం చొప్పున 3,60,000 అద్దె నాలుగో ఏడుకు 4,16,745 అవుతుంది. పిల్లలు ఒక్కరు కూడా పెరగకపోయినా ఇది పెరుగుతుంది. చాలా మాల్స్ కనీస అద్దె, అమ్మకాల్లో వాటా రెండూ రాయించుకుని ఏది ఎక్కువైతే అది తీసుకుంటాయి. అంటే సెంటర్ బాగా నడిచిన నెలలో కూడా పై డబ్బులో కొంత మాల్‌కే వెళ్తుంది.

ప్లే జోన్లు పై అంతస్తులో, ఫుడ్ కోర్టు పక్కన ఉండటం వెనకా ఈ లెక్కే ఉంది. పిల్లల కోసం వచ్చిన కుటుంబం కింది నుంచి పైదాకా అన్ని షాపుల ముందు నుంచీ నడవాలి. ఆ నడక మాల్‌కు విలువైనది కాబట్టి ఒకప్పుడు ఇలాంటి సెంటర్లకు కింది అంతస్తు షాపుల కన్నా బాగా తక్కువ అద్దె దొరికేది. మాల్‌లో చోటుకు గిరాకీ పెరిగిన కొద్దీ ఆ రాయితీ సన్నబడుతుంది.

సోమవారం ఖాళీ, ఆదివారం కిటకిట

నెలకు 8,50,000 ఖర్చు రావాలంటే ఒక్కో పిల్లాడి దగ్గర ఎంత తీసుకోవాలి? అది ఎంతమంది వస్తారన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ మొత్తం వ్యవహారానికి కీలకం ఇక్కడే ఉంది.

మామూలు రోజుల్లో రోజుకు 25 మంది, 22 రోజులకు 550. శని, ఆదివారాల్లో రోజుకు 120 మంది, 8 రోజులకు 960. మొత్తం 1,510 మంది. 8,50,000ను 1,510తో భాగిస్తే తలకు 563 రూపాయలు. దానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 664. లాభం లేకుండా నడవడానికే ఇంత కావాలి.

ఇప్పుడు పరీక్షల నెల వచ్చింది, లేదా పక్క వీధిలో ఇంకో సెంటర్ తెరిచారు. మామూలు రోజుల్లో వచ్చే 25 మంది 15కు పడిపోయారు. వీకెండ్ మాత్రం అలాగే ఉంది. మొత్తం 1,290 మంది. తలకు 659, పన్నుతో 778. రోజుకు పదిమంది పిల్లలు తగ్గినందుకు టికెట్ 114 రూపాయలు పెరగాల్సి వచ్చింది. ఖర్చులో ఒక్క రూపాయి కూడా మారలేదు.

అద్దె, జీతాలు, ఏసీ అన్నీ పిల్లలు వచ్చినా రాకపోయినా కట్టాల్సినవే. పిల్లలు బడిలో ఉండే రోజుల అద్దె కూడా శని, ఆదివారాల్లో వచ్చేవాళ్లే కడతారు. వీకెండ్ టికెట్ వీక్‌డే టికెట్ కన్నా ఎక్కువ ఉండటానికి కారణం దురాశ ఒక్కటే కాదు. ఖాళీగా ఉన్న బుధవారం ఇంకో పిల్లాడు వస్తే సెంటర్‌కు అదనంగా అయ్యే ఖర్చు దాదాపు సున్నా కాబట్టి ఎంత తక్కువకైనా రానిస్తారు. నిండిపోయిన ఆదివారం ఇంకో పిల్లాడిని రానిస్తే లోపలున్న వాళ్ల భద్రతకే ఇబ్బంది.

ఈ ఎగుడుదిగుడును పూడ్చేది పుట్టినరోజు పార్టీ. నెలకు ఎనిమిది పార్టీలు జరిగి, ఒక్కోదాని మీద తిండి, అలంకరణ ఖర్చులు పోను 15,000 మిగిలితే 1,20,000. అప్పుడు టికెట్ల మీద రావాల్సింది 7,30,000 మాత్రమే. తలకు 483, పన్నుతో 570. పార్టీలు లేని సెంటర్‌కు 664 కావాల్సిన చోట పార్టీలున్న సెంటర్ 570తో నెట్టుకురాగలదు. ప్లే జోన్ వాళ్లు కేకు, బెలూన్లు, రిటర్న్ గిఫ్టుల ప్యాకేజీల గురించే ఎక్కువ ప్రకటనలు వేయడం ఇందుకే.

ఈ వ్యాపారం ఎంత సన్నటి తాడు మీద నడుస్తుందో చెప్పడానికి అమెరికాలోని డిస్కవరీ జోన్ మంచి ఉదాహరణ. 1989లో మొదలై కొన్నేళ్లలోనే వందల సెంటర్లకు పెరిగిన ఈ సంస్థ 1996లో దివాలా రక్షణ కోరింది. 1999లో మళ్లీ అదే పరిస్థితి వచ్చి మూతపడింది. అంత చోటును వారమంతా నింపడం ఎవరికైనా కష్టం.

జీఎస్టీ ఎక్కడ పడుతుంది

జీఎస్టీ వచ్చిన 2017లో థీమ్ పార్కులు, వాటర్ పార్కులు, జాయ్ రైడ్‌ల లాంటి వినోద ప్రవేశాల మీద 28 శాతం పన్ను ఉండేది. 2018 జనవరి 25 నుంచి దాన్ని 18కి తగ్గించారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ స్లాబులు మార్చినప్పుడు చాలా వస్తువులు, సేవల మీద పన్ను తగ్గింది. జిమ్‌లు, యోగా సెంటర్లు, సెలూన్లు 18 నుంచి 5 శాతానికి దిగాయి. వంద రూపాయల లోపు సినిమా టికెట్ 12 నుంచి 5కు వచ్చింది. వినోద పార్కుల ప్రవేశం మాత్రం 18 శాతంలోనే ఉండిపోయింది.

నాన్న జిమ్‌కు వెళ్తే 5 శాతం, పిల్లాడు ఫోమ్ మెట్లెక్కితే 18 శాతం. జిమ్‌కు ఇచ్చిన 5 శాతంలో కొనుగోళ్ల మీద కట్టిన పన్నును సర్దుకునే వీలు (ఇన్‌పుట్ క్రెడిట్) ఉండదన్నది నిజమే. అయినా పిల్లల ఒళ్లు కదిలించే ఆటను ఆరోగ్యం వైపు కాకుండా వినోదం వైపు లెక్కేయడం సరైనదేనా అన్న ప్రశ్న మిగిలే ఉంది. నా మటుకు నాకు ఇది సరైన వర్గీకరణ అనిపించదు. సినిమా టికెట్‌కు ఉన్నట్టు తక్కువ ధర టికెట్‌కు వేరే స్లాబు ఇక్కడ లేదన్నది ఇంకా ఇబ్బంది పెట్టే విషయం. 150 రూపాయలు తీసుకునే చిన్న ఊరి సెంటర్‌కూ, 1,200 తీసుకునే మాల్ సెంటర్‌కూ ఒకటే రేటు.

ఇన్‌పుట్ క్రెడిట్ అంటే, సెంటర్ తన కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని తాను వసూలు చేసిన జీఎస్టీలోంచి మినహాయించుకోవడం. మన ఉదాహరణలో అద్దె, మెయింటెనెన్స్ 4,20,000 మీద 18 శాతం అంటే 75,600 సెంటర్ మాల్‌కు కడుతుంది, దాన్ని తర్వాత సర్దుబాటు చేసుకుంటుంది. జీతాల మీద, కరెంటు మీద జీఎస్టీ లేదు కాబట్టి అక్కడ సర్దుకోవడానికేమీ ఉండదు. ఏడాది అమ్మకాలు 20 లక్షల లోపు ఉన్న సేవల వ్యాపారికి మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాలనీలోని చిన్న ప్లే ఏరియా ఒక్కోసారి మాల్ కన్నా బాగా చవగ్గా ఉండటానికి ఇదీ ఒక కారణం.

బోర్డు చదివేటప్పుడు తేడా వచ్చేది ఒక చిన్న మాట దగ్గర. "600, పన్నులు కలిపి" అని ఉంటే అందులో సెంటర్‌కు వెళ్లేది 508 రూపాయల 47 పైసలు, ప్రభుత్వానికి 91 రూపాయల 53 పైసలు. "600, పన్నులు అదనం" అని ఉంటే జేబులోంచి పోయేది 708. ఒకే అంకె, 108 రూపాయల తేడా.

డాలరు, ఫోమ్, బంతులు

ఆట సామగ్రిలో చాలా భాగం చైనా నుంచి వస్తుంది. దేశంలో తయారుచేసేవాళ్లు కూడా ఉన్నారు. దిగుమతి బిల్లు డాలర్లలో ఉంటుంది. 2019లో డాలరు 70 రూపాయల దగ్గర ఉండేది. 2025 డిసెంబర్‌లో 90 దాటింది. 50,000 డాలర్ల సామగ్రికి అప్పట్లో 35 లక్షలైతే, తయారీదారు ఒక్క డాలరు పెంచకపోయినా 90 దగ్గర 45 లక్షలు. దీని పైన కస్టమ్స్ సుంకం, ఓడ కిరాయి. పసిపిల్లల మూలలో పెట్టే చిన్న బొమ్మల సంగతి ఇంకో రకం: బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. నాసిరకం బొమ్మలు తగ్గడానికి ఇది మంచిదే. ఖర్చు మాత్రం పెరిగింది.

కొన్న సామగ్రి అలాగే ఉండదు. జారుడు బండ పైఅంచున పిల్లలు చేతులు పట్టి లాగే చోట రెక్సిన్ ముందు తెల్లబడుతుంది, తర్వాత కుట్టు విడుతుంది, ఆ చీలికలోంచి పసుపు ఫోమ్ బయటికి వస్తుంది. అక్కడే ఏ పిల్లాడి వేలో ఇరుక్కుంటుంది. బంతుల గుంటలోంచి రాత్రి పూట బంతులన్నీ వల సంచుల్లోకి ఎత్తితే అడుగున జుట్టు పిన్నులు, బిస్కెట్ పొడి, ఒంటి సాక్సు, ఎవరో మింగకుండా మిగిలిన చిన్న బొమ్మ చక్రం దొరుకుతాయి. బంతుల్ని కడిగి, నొక్కుకుపోయినవి ఏరి పారేసి, తడి ఆరాక తిరిగి పోయాలి. వేల బంతులు. ఈ పని రోజూ చేసే సెంటర్, నెలకోసారి చేసే సెంటర్ టికెట్ బోర్డు మీద ఒకేలా కనిపిస్తాయి. చవక టికెట్‌లో ఏది కోత పడిందో బయటి నుంచి తెలియకపోవడం ఈ వ్యాపారంలో అన్నింటికన్నా పెద్ద చిక్కు.

రాజ్‌కోట్‌లో జరిగింది

2024 మే 25, శనివారం సాయంత్రం. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో టీఆర్‌పీ గేమ్ జోన్ తగలబడింది. 27 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లలున్నారు. సెలవులు, పైగా ప్రవేశానికి 99 రూపాయల ఆఫర్. జనం బాగా వచ్చారు. లోపల వెల్డింగ్ పని జరుగుతోంది, ఇంధనం నిల్వ ఉంది, అగ్నిమాపక శాఖ అనుమతి లేదు. గుజరాత్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ తర్వాత ఇతర రాష్ట్రాల్లోనూ గేమ్ జోన్ల తనిఖీలు జరిగాయి.

ధర గురించి మాట్లాడేటప్పుడు ఈ ఘటనను పక్కన పెట్టలేం. జనం గుమిగూడే ఇలాంటి చోట్లను నేషనల్ బిల్డింగ్ కోడ్ సమావేశ భవనాల వర్గంలో చూస్తుంది. అంటే ఒకటికి మించిన బయటి దారులు, పొగ పసిగట్టే పరికరాలు, నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు, నిప్పుకు త్వరగా అంటుకోని సామగ్రి. ఫోమ్, వల, ప్లాస్టిక్ నిండిన గదిలో ఇవి ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. రెండో దారి కోసం వదిలిన చోటులో ఒక ఆట తక్కువ పడుతుంది, ఒకేసారి లోపలికి రానిచ్చే పిల్లల సంఖ్యకు పరిమితి పెడితే ఆదివారం టికెట్లు తగ్గుతాయి, మంటలకు తట్టుకునే ఫోమ్ మామూలు ఫోమ్ కన్నా ఖరీదు. ఇవన్నీ టికెట్‌లోకే వస్తాయి. ఈ భాగానికి అయ్యే డబ్బును నేను ఖరీదుగా చూడలేను. ఆ డబ్బు తీసుకుని ఆ పని చేయని సెంటర్‌ను మాత్రం క్షమించలేం.

ప్రవేశం దగ్గర సంతకం పెట్టించుకునే కాగితం సంగతి కూడా ఇక్కడిదే. "ఏ ప్రమాదానికీ యాజమాన్యం బాధ్యత వహించదు" అని అందులో రాసి ఉంటుంది. సంతకం పెట్టినంత మాత్రాన నిర్లక్ష్యానికి సెంటర్ పూచీ దానంతటదే పోదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు అలాగే ఉంటుంది.

తల్లిదండ్రుల ఫిర్యాదులో బలమున్న చోటు

ఖర్చులు పెరిగాయన్న యజమానుల మాట నిజమే కాబట్టి తల్లిదండ్రుల ఫిర్యాదు తప్పని కాదు. ఖర్చుతో సంబంధం లేని వసూళ్లు కొన్ని ఉన్నాయి.

గ్రిప్ సాక్సులు జారకుండా ఉండటానికి అవసరమే. కానీ మరో సెంటర్‌లో కొన్న మంచి గ్రిప్ సాక్సులు తెచ్చుకున్నా కుదరదు, మా పేరున్నవే కొనాలి అంటే అది భద్రత కాదు, అమ్మకం. పది నిమిషాలు ఆలస్యమైతే పూర్తి గంట వసూలు చేయడమూ అలాంటిదే, ముఖ్యంగా చెప్పులు వెతుక్కుని బయటికి రావడానికే పది నిమిషాలు పట్టే రద్దీ రోజున.

బయటి తిండి మీద నిషేధం గురించి రెండు వైపులా మాటలున్నాయి. కెఫే ఆదాయం పోతే టికెట్ పెంచాల్సి వస్తుందని, ఫోమ్ మీద నూనె మరకలు, చీమలు వస్తాయని సెంటర్ల వాదన. అలెర్జీ ఉన్న పిల్లాడికి, ఇంటి తిండి తప్ప ముట్టని మూడేళ్ల పిల్లకు అక్కడేం పెట్టాలన్నది తల్లుల ప్రశ్న. 2023 జనవరిలో సుప్రీంకోర్టు సినిమా హాళ్ల విషయంలో ఒక తీర్పు ఇచ్చింది: బయటి తిండిని హాలు వాళ్లు వద్దనవచ్చు, కానీ తాగునీరు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల కోసం తెచ్చిన ఆహారాన్ని అడ్డుకోకూడదు. ఆ తీర్పు సినిమా హాళ్లకు సంబంధించినది. ప్లే జోన్లు ఆ పద్ధతినే పాటిస్తే చాలా గొడవలు ఉండవు.

ప్యాకేజీలు ఇంకో చోటు. పది విజిట్ల పాస్ 5,000, మూడు నెలల్లో వాడాలి. విడి టికెట్ 700. పదీ వాడితే ఒక్కోటి 500 పడింది, బాగానే ఉంది. పిల్లాడికి రెండు వారాలు జ్వరం, తర్వాత ఊళ్లో పెళ్లి, ఆరే వాడారు. ఒక్కోటి 833 పడింది, విడి టికెట్ కన్నా ఎక్కువ. ఏడు సార్లు వెళ్లినా 714. ఎనిమిదోసారి నుంచే పాస్ లాభం. వాడకుండా మిగిలే విజిట్లు సెంటర్ లెక్కలో ముందే ఉంటాయి. వాటి వల్లే పాస్ అంత చవగ్గా ఇవ్వగలుగుతారు. ఇందులో మోసం లేదు, కానీ మూడు నెలల గడువును పెద్దక్షరాల్లో చెప్పకపోతే అన్యాయం ఉంది.

ఊరికే ఆడుకునే చోటు ఏమైంది

అద్దె, పన్ను, డాలరు అన్నీ ఖర్చు ఎందుకు పెరిగిందో చెబుతాయి. ఇంత ధర పెట్టినా జనం ఎందుకు వెళ్తున్నారో చెప్పవు. దానికి జవాబు ప్లే జోన్ బయట ఉంది.

ఐదేళ్ల లోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా ఒళ్లు కదిలించాలి, అందులో 60 నిమిషాలు కాస్త గట్టిగానే. ఐదేళ్లు దాటినవాళ్లకు సగటున రోజుకు గంట. వారానికోసారి వెళ్లే ప్లే జోన్ ఈ అవసరంలో కొంత భాగాన్నే తీరుస్తుంది. అది రోజూ ఇంటి దగ్గరే దొరకాల్సినది.

నగరాల ప్రణాళికకు కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు తలకు 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలన్నాయి. లేఅవుట్ వేస్తే పది శాతం ఖాళీ స్థలం వదలాలన్న నియమం మన దగ్గర ఉన్నదే. విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. నాలుగంతస్తుల అద్దె భవనంలో నడుస్తూ గ్రౌండ్ లేని ప్రైవేటు బడులు నగరంలో ఎన్నో అందరికీ తెలుసు. పది శాతం వదిలిన స్థలంలో వాటర్ ట్యాంకో, గుడో, కమ్యూనిటీ హాలో వచ్చిన కాలనీలూ తెలుసు. పార్కులున్న చోట వాకింగ్ ట్రాక్, పచ్చిక బాగుంటాయి, పచ్చిక మీద ఆడొద్దని బోర్డు ఉంటుంది. నాలుగు గంటలకు బడి నుంచి వచ్చిన పిల్లాడు ఐదింటికి ఎక్కడ పరిగెత్తాలన్నది ఏ ప్రణాళికలోనూ కనిపించడం లేదు. ఉచితంగా దొరికే చోటు ఎంత తగ్గితే, డబ్బు తీసుకునే చోటు అంత ధర పెట్టగలదు. కిరాణా కొట్టు ఒక్కటే ఉన్న ఊళ్లో బియ్యం ధరలాగే ఇది కూడా.

దీనికి ఇంకో కోణం ఉంది. సెంటర్‌లో సీసీ కెమెరాలుంటాయి, గేటు దగ్గర చేతి బ్యాండు చూడందే పిల్లల్ని బయటికి పంపరు, ఏసీ, శుభ్రమైన టాయిలెట్ ఉంటాయి. చిన్న పిల్లతో పార్కుకు వెళ్లిన తల్లికి టాయిలెట్ దొరకడం ఎంత కష్టమో వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో వారానికి రెండు గంటలు టెన్షన్ లేకుండా కూర్చోవడానికి కూడా కొందరు ఆ డబ్బు కడుతున్నారు. దాన్ని తప్పు పట్టాల్సిన పని లేదు.

లండన్‌లో కూడా ఇదే మాట, కారణం వేరు

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలూ సాఫ్ట్ ప్లే ఖర్చు గురించి ఇలాగే మాట్లాడుకుంటాయి. అక్కడ చలి, వాన లోపలికి తోస్తాయి. భారం మాత్రం జీతాల వైపు ఎక్కువ. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవాళ్ల కనీస వేతనం గంటకు 11.44 పౌండ్ల నుంచి 12.21కి పెరిగింది. అదే నెలలో జీతాల మీద యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రతా చందా 13.8 నుంచి 15 శాతమైంది. మామూలు వ్యాట్ 20 శాతం. మన ఉదాహరణలో జీతాల వాటా 8,50,000లో 1,80,000 మాత్రమే. హైదరాబాద్‌లో టికెట్‌ను నడిపించేది అద్దె, అక్కడ మనిషి గంట.

అద్దె తగ్గితే టికెట్ తగ్గుతుందా

అంటే మాల్ వదిలి కాలనీలోకి వస్తే సరిపోవాలి. లెక్క వేసి చూద్దాం. అవే 3,000 అడుగులు, అద్దె అడుగుకు 50, మెయింటెనెన్స్ 10. మిగతా ఖర్చులు అలాగే. నెలకు 8,50,000 కాస్తా 6,10,000 అయింది. మాల్‌లో వచ్చినంత మందీ, అంటే 1,510 మంది వస్తే పన్నుతో టికెట్ 477 చాలు. కానీ కాలనీలో షాపింగ్‌కు వచ్చి దారిలో ఆగేవాళ్లు ఉండరు. 1,100 మందే వచ్చారనుకుంటే టికెట్ 654. మాల్‌లోని 664కు పది రూపాయలు తక్కువ, అంతే.

కాబట్టి కాలనీ సెంటర్ బతకాలంటే ఆదివారాల మీద ఆధారపడకూడదు. శని, ఆదివారాల్లో వచ్చేవాళ్లు రోజుకు 80 మందే అయినా, నడిచి వచ్చే దూరంలోని పిల్లలు మామూలు రోజుల్లో రోజుకు 40 మంది వస్తే నెలకు 880, వీకెండ్ 640, మొత్తం 1,520. టికెట్ మళ్లీ 475 దగ్గరికి దిగుతుంది. చుట్టుపక్కల ప్లే స్కూళ్లతో ఒప్పందాలు, సాయంత్రం గంటన్నర నెలవారీ పాసులు, బడికి ఇంకా వెళ్లని పిల్లలకు పొద్దున్న పదింటి నుంచి పన్నెండు వరకు 250కే ప్రవేశం లాంటివి ఎక్కువగా ఈ తరహా సెంటర్లలోనే కనిపించడానికి కారణం ఇదే. వాళ్లకు కావాల్సింది మంగళవారం.